ముత్తాత పేరు

“డాడ్ నేమ్ చదవకపోతే నో వెడ్డింగ్, మమ్మీ. దట్స్ ఇట్.”

చాందిని అంత మాట అనేసి ఇడ్లీ ప్లేటును సింకులో పడేసింది. స్టీలు ప్లేటు కాబట్టి పగల్లేదు గానీ ఆ చప్పుడుకు ఝాన్సీలక్ష్మి చప్పున వెనక్కి చూసింది. కాబోయే వియ్యపురాలు విశాలాక్షి డైనింగ్ టేబుల్ దగ్గరే కూర్చుని కాఫీ తాగుతోంది. కొడుకు నిశాంత్ పెళ్ళికని తెనాలి నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన మనిషి. తలంబ్రాల బియ్యం కలపడానికి సాయం చేస్తానని పొద్దున్నే కెనడాలో కనాటా అనే ఊళ్ళోని ఈ ఇంటికి వచ్చింది. ఆవిడ ముందా ఈ మాటలు!

“చిన్నపిల్ల. నోటికి ఎంతొస్తే అంత అనేస్తుంది. మీరేం అనుకోకండి వదినగారూ,” అంది ఝాన్సీ.

విశాలాక్షి కప్పులోకి చూస్తూ కూర్చుంది. ఝాన్సీకి ఆ మౌనమే ఎక్కువ భయం వేసింది.

అగ్గి రాజేసింది శాస్త్రిగారి ఫోను. పొద్దున్నే గుడి నుంచి చేసి, “అమ్మా, ఆదివారం పెళ్ళి. మగపెళ్ళివారి ప్రవర వచ్చేసింది. మీదే రావాలి. పెళ్ళికూతురి తండ్రి, తాత, ముత్తాత, ముగ్గురి పేర్లూ చెప్పండి,” అన్నారాయన. తండ్రి పేరు మార్టిన్ ఆడమ్స్. తాత పేరు జార్జ్ ఆడమ్స్. ఇక ముత్తాత? అక్కడ బండి ఆగిపోయింది.

జార్జ్ ఆడమ్స్ యుద్ధం తర్వాత ఇంగ్లండ్ వచ్చి బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్ని మిల్లులో చేరిన పోలండ్ మనిషి. పుట్టుకతో ఆయన పేరు యెజీ. ఇంటిపేరు ఏదో వేరే ఉండేది, దాన్ని మార్చుకున్నాడు. కొడుకు మార్టిన్‌కు తొమ్మిదేళ్ళప్పుడు పోయాడు. ఆయన గురించి ఇంట్లో అడగకూడదని మార్టిన్ తల్లి కట్టడి చేసింది. ఆవిడా పోయింది. ఇదీ వాళ్ళకు తెలిసిన వంశవృక్షం. వేళ్ళూ లేవు, కొమ్మలూ లేవు.

శాస్త్రిగారు మంచివాడు, దారి చూపించారు. గోత్రం తెలియనివాళ్ళకు కాశ్యప గోత్రం ఎలాగూ ఉంది. పేర్లు దొరకకపోతే ఝాన్సీ అన్నగారు కేశవరావు దంపతులు పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని కూతురిగా స్వీకరించవచ్చు. అప్పుడు వాళ్ళ వంశం పేర్లే చదువుతారు, కన్యాదానమూ వాళ్ళే చేస్తారు.

ఈ మాట విని మార్టిన్, “నో ప్రాబ్లం. బావగారు చేస్తారు, చాలా మంచిది,” అని తనకొచ్చిన తెలుగులో చెప్పి, నవ్వి, గరాజ్‌లోకి వెళ్ళి తుడవడం మొదలుపెట్టాడు. ఆ గరాజ్‌ను మొన్న శనివారమే తుడిచాడు.

భర్త ఎప్పుడు ఏది తుడుస్తాడో ఝాన్సీకి బాగా తెలుసు. కనాటాలో టెలికాం కంపెనీలు కూలిపోయి ఉద్యోగం పోయిన రోజున ఇల్లంతా తుడిచాడు.

“ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా?” అన్నాడు కేశవరావు. ఆయన రిటైరైన డాక్టరు. ప్రతి రోగానికీ ఓ మాత్ర ఉందని నమ్మే రకం. “ఏదో ఒక పేరు చెప్పేద్దాం. జాన్ అని చెప్పు. ఎవరొచ్చి చూస్తారు?”

“మన ముత్తాత పేరు తెలీదని ఎవరైనా అప్పారావు అని చదివేస్తే నువ్వు ఊరుకుంటావా అన్నయ్యా?”

“మన ముత్తాత పేరు వీరరాఘవులు. తెలీకపోవడమేంటి?”

“అదే కదా నేను చెప్పేది! నీకు తెలుసు కాబట్టి నీకు తేలిక. ఆయనకు తెలీదు. తెలీదని కూతురి పెళ్ళిలో వెనక వరసలో కూర్చోమంటావా?”

“నేను కూర్చోమన్నానా? బావే కదా సరేనన్నాడు!”

“ఆయన దేనికి కాదన్నాడు గనక!”

చాందిని మధ్యలో దూరింది. “మావయ్యా, ఐ లవ్ యూ. బట్ యూ ఆర్ నాట్ మై డాడ్.”

కేశవరావు ముఖం చిన్నబోయింది. పాపం, పిల్లను ఎత్తుకు పెంచినవాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగాడు. గరాజ్‌లోంచి చీపురు చప్పుడొక్కటే వినిపించింది.

అప్పుడు విశాలాక్షి కప్పు కింద పెట్టి నోరు విప్పింది.

“పెళ్ళికూతురి మేనత్తగారు ఎప్పుడొస్తున్నారు వదినగారూ?”

ఝాన్సీకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కొంప అంటుకుంటుంటే ఈవిడకు మేనత్త లాంఛనాలు గుర్తొచ్చాయా? “మేనత్త లేదండీ. మార్టిన్ ఒక్కడే సంతానం.”

“పోనీ, ఆయనకి మేనత్త?”

“అంటే?”

“అదేనండీ, మీ మామగారికి అక్కచెల్లెళ్ళు. ఉన్నారా, లేరా?”

కేశవరావు కిటికీ వైపు నుంచి ఇటు తిరిగాడు.

“తెలీదండీ,” అంది ఝాన్సీ. “మేం ఎప్పుడూ అడగలేదు. ముత్తాత పేరు కోసం పొద్దున్నించీ ఆన్‌లైన్‌లో పోలండ్ సైనికుల గ్రూపులన్నీ గాలించాను. రెజిమెంట్లు, విమాన దళాలు, గనుల్లో పనిచేసినవాళ్ళు...”

“అందరూ మగాళ్ళేగా?” విశాలాక్షి నవ్వింది. వచ్చినప్పటి నుంచి ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. “ఇంటి సంగతులు మగాళ్ళని అడిగితే తెలుస్తాయా? మా ఆయన్ని ఆయన ముత్తాత పేరు అడగండి, నీళ్ళు నములుతారు. మా ఆడపడుచుని అడగండి, ఆ ముత్తాత ఎవరి మీద అలిగి ఎన్నాళ్ళు అన్నం మానేశాడో కూడా చెబుతుంది. మీరు ఆడవాళ్ళని అడగండి.”

ఝాన్సీ నుదురు కొట్టుకుంది. నిజమే! ప్రవరలో మగవాళ్ళ పేర్లే అడుగుతారు. అందుకని తనూ మగవాళ్ళనే వెతికింది. సైనికుడి వెనక తల్లి ఉండదా, చెల్లి ఉండదా? యుద్ధంలో ఆడవాళ్ళూ పిల్లలూ ఎటు పోయినట్టు?

కుర్చీ లాక్కుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. వెతగ్గా వెతగ్గా శరణార్థి శిబిరాల్లో పెరిగిన పోలిష్ పిల్లల గ్రూపు ఒకటి దొరికింది. ఆ పిల్లలు ఇప్పుడు ఎనభై దాటిన ముసలివాళ్ళు. మామగారి పాత ఫోటో పెట్టింది. మిల్లు గేటు ముందు, కనుబొమ్మను రెండుగా చీల్చిన మచ్చతో నిలబడ్డ సన్నటి మనిషి. కింద ఇలా రాసింది. ఈయన పేరు యెజీ. ఈయన తల్లినిగానీ, అక్కచెల్లెళ్ళనుగానీ ఎరిగినవాళ్ళు ఉన్నారా? ఆదివారం ఈయన మనవరాలి పెళ్ళి.

ఒక క్షణం ఆలోచించి ఇంకో మాట చేర్చింది. ఈయన ఆదివారాలు పాలు, బెల్లం కలిపిన అన్నం చేత్తో తినేవారు.

ఆ సంగతి మార్టిన్ పెళ్ళైన కొత్తలో చెప్పాడు. అత్తవారింట్లో మొదటి భోజనానికి అతను వేళ్ళ కొసలతో అన్నం కలుపుకుని తింటుంటే అందరూ నోరెళ్ళబెట్టారు. “మా నాన్న ఇలాగే తినేవాడు,” అన్నాడు. అల్లుడు మనసున్నవాడు, మనకోసం అబద్ధం ఆడుతున్నాడని ఝాన్సీ తల్లి మురిసిపోయింది. ఇంగ్లండ్‌లో పోలండ్ మనిషి చేత్తో అన్నం ఎందుకు తింటాడని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

బియ్యానికి పసుపు పట్టిస్తున్నంతసేపూ ఝాన్సీ కాలు కాలిన పిల్లిలా తిరిగింది. పసుపు చేతుల్తోనే మౌసు పట్టుకుంటోంది. “కొత్త లాప్‌టాప్, మమ్మీ!” అని చాందిని మొత్తుకుంటోంది. ఆ పిల్ల అలక మాట ఎవరికీ గుర్తులేదు. దానికీ గుర్తులేదు.

మధ్యాహ్నం దాటగానే టింగుమంది.

బ్రాడ్‌ఫర్డ్ నుంచి ఒక పెద్దావిడ. అక్షరాలన్నీ పెద్దవిగా కొట్టింది. ఝాన్సీ పైకి చదువుతూ తెలుగు చేసి చెప్పింది.

“‘ఆ మచ్చ నాకు తెలుసు. మావిడి చెట్టు మీంచి పడ్డప్పుడు నేను పక్కనే ఉన్నాను. మేమంతా సైబీరియా నుంచి ఇరాన్, ఇరాన్ నుంచి ఇండియా వెళ్ళిన పిల్లలం. కొల్హాపూర్ పక్కన మా శిబిరం...’ అన్నయ్యా! కొల్హాపూర్!”

“ఏ కొల్హాపూర్?”

“ఎన్ని కొల్హాపూర్‌లు ఉన్నాయి! మన కొల్హాపూర్! మహాలక్ష్మి కొల్హాపూర్!”

“మీ మామగారు ఇండియాలో పెరిగారా?” కేశవరావు లేచి నిలబడ్డాడు. డాక్టరుగారి మాత్రలన్నీ ఎగిరిపోయాయి. “మావిడి చెట్టు ఎక్కారా?”

“ఎక్కి పడ్డారు కూడా! ఆగు, ఇంకా ఉంది. ‘యెజీకి ఒక చెల్లెలు. హెలెనా. యుద్ధం అయ్యాక ఇద్దరూ ఇంగ్లండ్ వచ్చారు. తర్వాత ఏదో గొడవైంది. ఆమె పెళ్ళి చేసుకుని కెనడా వెళ్ళిపోయింది. క్రిస్మస్‌కు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంది. వాళ్ళ నాన్న సంగతులు ఆమెకే తెలుసు. ఉండేది...’”

ఝాన్సీ తెర మీదికి వంగి ఆ ముక్క మళ్ళీ చదువుకుంది.

“ఎక్కడే?” అన్నాడు కేశవరావు.

“బ్రాంప్టన్.”

అందరూ ఒక్కసారి అరిచారు. ఎవరేం అరిచారో ఎవరికీ తెలియదు. నిశాంత్ స్టూడెంట్ వీసా మీద దిగి మొదట రెండేళ్ళు ఉన్నది బ్రాంప్టన్‌లోనే. విమానాలకు విమానాలు స్టూడెంట్లు దిగుతున్న రోజులవి. ఒక్కో బేస్‌మెంట్‌లో నలుగురైదుగురు సర్దుకుని ఉండేవారు. ఆ ఊరి నుంచి పెళ్ళికి ఓ వ్యాను నిండా స్నేహితులు వస్తున్నారు.

“చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే!” అంది విశాలాక్షి, ఝాన్సీ చెయ్యి గట్టిగా పట్టుకుని. చేతులు రెండూ పసుపే.

కేకలకు మార్టిన్ చీపురుతో గుమ్మంలోకి వచ్చాడు.

“వాట్ హాపెండ్?”

“డాడ్, యూ హావ్ యాన్ ఆంట్!” అని చాందిని మీద పడి కరుచుకుంది.

మార్టిన్ వాళ్ళందరినీ ఒక్కొక్కరినే చూశాడు. చీపురు గోడకు ఆనించాడు. అది జారి కింద పడింది. మళ్ళీ తీసి ఆనించాడు. మళ్ళీ పడింది. ఈసారి తియ్యలేదు. “నేను... గరాజ్ ఫినిష్ చేస్తాను,” అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఝాన్సీ వెనక వెళ్ళబోయి ఆగింది. ముందు ఫోను. బ్రాడ్‌ఫర్డ్ ఆవిడ పంపిన నెంబరు నొక్కింది. స్పీకరు పెట్టింది. అందరూ చుట్టూ మూగారు.

“హలో?” ఎవరో అమ్మాయి గొంతు. ఆ వెంటనే పక్కకు తిరిగి ఎవరితోనో, “ఏ, స్టవ్ బందు చెయ్, పప్పు మాడుతున్నది!”

ఝాన్సీ ఫోను చేతిలోకి తీసుకుంది. “అమ్మా... తెలుగమ్మాయివా?”

“అవునాంటీ! మీరు గూడనా? నా పేరు ధరణి. మాది నిజామాబాద్. ఇక్కడ బేస్‌మెంట్‌ల ఉంటం, స్టూడెంట్స్‌మి.”

“హెలెనాగారు ఉన్నారా?”

“అమ్మమ్మనా? ఉన్నది. ఇండియా పిల్లలకే ఇల్లు ఇస్తది ఆమె. ఎందుకని అడిగితే చెప్పది. మా పప్పన్నం అంటే పానం. మీరెవరు ఆంటీ?”

ఝాన్సీ గబగబా చెప్పింది. ఆదివారం పెళ్ళి, పోలండ్ తాత, మచ్చ, మావిడి చెట్టు. పెళ్ళి కార్డు వాట్సాప్‌లో పంపింది. ధరణి “అయ్యో దేవుడా, అయ్యో దేవుడా” అంటూ మెట్లెక్కి పైకి పరుగెత్తడం ఫోన్లో వినిపించింది. ఏదో మాట్లాడుకున్నారు.

అప్పుడు ముసలి గొంతు వచ్చింది. ఇంగ్లీషే గానీ ప్రతి మాటనూ గట్టిగా నొక్కి పలికే గొంతు.

“యెజీకి కొడుకున్నాడా?”

“ఉన్నాడండీ. మార్టిన్. నా భర్త. మనవరాలూ ఉంది. ఆదివారం దాని పెళ్ళి. పెళ్ళిలో ముత్తాత పేరు చదవాలి. మీ నాన్నగారి పేరు మాకు తెలీదు. దయచేసి...”

“మా అన్న చెప్పలేదా?”

“చెప్పేలోపే పోయారు.”

“చెప్పేవాడు కాదు.” ఆవిడ గొంతు గట్టిపడింది. “నాకు అప్పుడప్పుడే మాటలొస్తుండగా మా నాన్నను సైనికులు ఇంట్లోంచి తీసుకెళ్ళారు. మళ్ళీ రాలేదు. ఆయనకు సమాధి లేదు. నేను ఎక్కడ దీపం పెట్టను? మాకు మిగిలింది ఆయన పేరొక్కటే. మమ్మల్ని సైబీరియాకు తోలేశాక, అక్కడ ప్రతి రాత్రీ అమ్మ మా ఇద్దరి చేతా ఆ పేరు పలికించేది, మర్చిపోకూడదని. అలాంటి పేరును మా అన్న ఇంగ్లండ్‌లో తీసి పారేశాడు. మిల్లులో నవ్వుతున్నారని! ఆడమ్స్ అట. ఆ రోజే చెప్పాను, నాన్న పేరు వదిలినవాడు నాకు అన్న కాదని.”

ఝాన్సీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. విశాలాక్షికి ఇంగ్లీషు అంతంతమాత్రమే. అయినా ఆవిడా కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

“అమ్మా,” అంది ఝాన్సీ. పిన్ని అనాలో అత్తయ్య అనాలో తోచక అలాగే పిలిచింది. “మా పెళ్ళిలో ఆ పేరు ఊరికే చదవరు. నిలబడి, గట్టిగా చదువుతారు. మూడుసార్లు. ఫలానా ఆయన మునిమనవరాలు, ఫలానా ఆయన మనవరాలు, ఫలానా ఆయన కూతురు అని. మైకులో. హాలు నిండా జనం ముందు.”

అవతల చేతికర్ర నేలకు ఆనిన చప్పుడు.

“మైకులోనా?”

“మైకులోనే.”

“మా నాన్న పేరు?”

“మొదట ఆయన పేరే వస్తుందండీ. పెద్దాయన కదా.”

ఎవరో ముక్కు చీదిన చప్పుడు. అది ఆవిడో ధరణో తెలియలేదు.

“ఫోన్లో చెప్పను,” అంది హెలెనా. “కోడలికి చెప్పను, మనవరాలికి చెప్పను. వదిలినవాడి కొడుకే రావాలి. నా ఎదురుగా నిలబడి, మా తాత పేరు నాకు కావాలి అని అడగాలి. వాడికి కావాలో వద్దో నాకు తెలియాలి.”

ఫోన్ పెట్టేసింది.

అందరికీ తెలుసు, మార్టిన్ జీవితంలో ఎవరినీ ఏదీ అడగలేదు. రెండో ఇడ్లీ కూడా అడగడు. ‘నో ప్రాబ్లం’ అనే మాట మీద ఇంత సంసారం ఈదుకొచ్చిన మనిషి. ఝాన్సీ నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

గరాజ్ తలుపు తెరిచే ఉంది. మార్టిన్ గడపలో నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి వింటున్నాడో! ఒంటి మీద దుమ్ము చొక్కా తీసేసి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు. చేతిలో కారు తాళాలు.

“ఐ వాంట్ ఇట్,” అన్నాడు. “ఝాన్సీ, ఐ హావ్ ఆల్వేస్ వాంటెడ్ ఇట్.” తర్వాత తెలుగులో, కేశవరావు వైపు తిరిగి, “క్షమించండి బావగారూ. నా అమ్మాయి కన్యాదానం నేను చేస్తాను,” అన్నాడు.

కేశవరావు వచ్చి ఆయన గుండీలు విప్పి సరిగ్గా పెట్టాడు. “జాగ్రత్తగా నడుపు బావా,” అని మాత్రం అన్నాడు.

ఝాన్సీ చెప్పులు వేసుకుని బయటికి వచ్చేసరికి విశాలాక్షి అప్పటికే కారు వెనక సీట్లో కూర్చుని ఉంది. ఒళ్ళో కుంకుమ భరిణె, కొత్త చీర, డ్రై ఫ్రూట్స్ డబ్బా.

“మీరెక్కడికి వదినగారూ? నాలుగైదు గంటల ప్రయాణం!”

“మేనత్తని పెళ్ళికి ఫోన్లో పిలుస్తారా ఎవరైనా? బొట్టు పెట్టి పిలవాలి. అన్నతో మాటల్లేని ఆడపడుచు. మీరొక్కరే వెళితే ఎక్కడ అలుగుతుందో! మగపెళ్ళివారం మేమూ వచ్చి అడిగితే కాదనదు. ఎక్కండి, ఎక్కండి.”

ఇన్నాళ్ళూ ఈవిడను చూసి తను భయపడిందా? ఝాన్సీకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ముందు సీట్లో కూలబడింది.

కారు హైవే ఎక్కింది. మార్టిన్ పెదాలు కదులుతున్నాయి. ఏం అడగాలో, ఎలా అడగాలో వల్లె వేసుకుంటున్నాడు. పెళ్ళిచూపులకు వెళ్ళే కుర్రాడిలా ఉన్నాడు. అరవై ఏళ్ళ మనిషిలో అంత ఉత్సాహం ఝాన్సీ ఎన్నడూ చూడలేదు.

“నేను ముందు హలో చెప్పాలా? లేక ముందే అడగాలా?” అన్నాడు.

“ముందు కాళ్ళకి దణ్ణం పెట్టండి అన్నయ్యగారూ,” అంది విశాలాక్షి వెనక నుంచి. “అడగడం దానంతట అదే వస్తుంది.”

కింగ్‌స్టన్ దగ్గర పెట్రోలు పోయించుకుని మళ్ళీ రోడ్డెక్కారో లేదో, ఝాన్సీ ఫోను మోగింది. ధరణి. ఆ పిల్ల గొంతులో ఇందాకటి సంబరం లేదు.

“ఆంటీ, అమ్మమ్మ ఇంట్ల లేదు.”

“లేకపోవడమేంటమ్మా?”

“మీరు ఫోన్ పెట్టినంక కార్డు చూపియ్యమన్నది. పెళ్ళి హాలు అడ్రస్సు, మీ ఇంటి అడ్రస్సు రెండు సార్లు చదివిచ్చుకున్నది. కోపంగ ఉన్నదో, ఏడుస్తున్నదో నాకు సమజ్ కాలె. నేను ఆన్‌లైన్ క్లాసుకు కూసున్న. అయినంక పైకి పోయి చూస్తే కోటు లేదు, చేతికర్ర లేదు. ఫోనేమో ఇక్కడనే పడున్నది. పక్కింటామె చెప్పింది, చిన్న పెట్టె పట్టుకొని టాక్సీ ఎక్కిందట.”

“ఎక్కడికి?”

“ఎవ్వలకు చెప్పలే. ఇంకోటి ఆంటీ... గోడకు వాళ్ళ నాయన ఫోటో ఉంటుండె. రోజు దాని ముంగట నిలవడి ఏదో గొణుగుతుండె. అది గూడ లేదు. మేకు ఒక్కటే ఉన్నది.”

స్పీకరులో అంతా విన్నాడు మార్టిన్. కారు వేగం తగ్గించి, పక్కకు తీసి, ఆపాడు. పెద్ద పెద్ద ట్రక్కులు పక్కనుంచి దూసుకుపోతున్నాయి. బయలుదేరింది కనాటాకా? లేక వీళ్ళకు ముఖం చూపించడం ఇష్టంలేక ఇంకెక్కడికైనానా? ఆదివారం ఎంతో దూరంలో లేదు. ఆ పేరు తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే, చేతిలో పెట్టెతో ఎక్కడో దారిలో ఉంది.

మార్టిన్ స్టీరింగ్ మీంచి చేతులు తియ్యలేదు. ముందుకు చూశాడు, అద్దంలో వెనక్కి చూశాడు. తర్వాత భార్య వైపు తిరిగి, జీవితంలో మొదటిసారి సాయం అడిగాడు.

“ఝాన్సీ, ముందుకు పోవాలా? ఇంటికి తిరగాలా? చెప్పు, ప్లీజ్.”